వెన్నుపూసల నడుమ సిమెంటు

హైదరాబాదు పాతనగరంలోని చేతిపనులలో అధికభాగం నేలమీద కూర్చుండి, నడుము వంచి చేసే పనులే. లాడ్‌బజారులో లక్కగాజులు చేసేవారు బొగ్గుల కుంపటి ముందు వంగి కూర్చుంటారు. జర్దోజీ పనివారు చెక్కచట్రానికి బిగించిన బట్టపై తల వంచి, ప్రొద్దున మొదలు దీపాలు పెట్టేవరకు సూది కదుపుతూనే ఉంటారు. వెండిరేకు కొట్టేవారు తోలుపొరల పొత్తం నడుమ వెండితునక నుంచి, సుత్తితో గంటల తరబడి ఒకే లయలో మోదుతారు. ఇక గంజులలో బస్తాలు మోసే హమాలీల సంగతి చెప్పనక్కరలేదు. ఇట్టి పనులలో ఇరవై ముప్పై ఏండ్లు గడచిన పిమ్మట నడుము తన బాకీ తాను వసూలు చేసుకొంటుంది. ఆసుపత్రి వరుసలో నిలుచుండలేక గోడకు చేరగిలబడిన వారిని చూడండి. వారిలో ఎందరో ఈ నడుమునొప్పి వారే.

అట్టివారి చెవిని ఈ మధ్య ఒక మాట పడుతున్నది: “వెన్నులో సిమెంటు పోస్తారట!” ఈ మాట విని బెదిరేవారు కొందరు, ఆశపడేవారు కొందరు. గోడ నెర్రె విచ్చితే తాపీమేస్త్రీ వచ్చి సిమెంటు పూసిపోయినట్లు, అరిగిన వెన్నులో డాక్టరుగారు సిమెంటు పూసిపోతారని ఆశపడేవారి ఊహ. ఈ ఊహలో ఎంత నిజమున్నది, ఎంత లేదు అన్నది నేటి మా ప్రసంగ విషయం. మేము వైద్యులము కాము. వైద్యులు పరిశోధించి ప్రచురించిన సంగతులను శ్రోతలకు తెలియు మాటలలో చెప్పడమే మా పని. కాని విషయం నడుముకు సంబంధించినది. నడుము పడిపోతే ఆ యింటి పొయ్యి కూడా ఆరిపోయే కుటుంబాలు ఈ నగరంలో వేలు. కనుక కొంత నిదానంగానే చెప్పవలసి ఉన్నది.

మొదట వెన్నెముక కట్టడం తెలియాలి. మెడ మొదలు నడుము వరకు 24 పూసలు ఒకదానిపై నొకటి పేర్చి ఉన్నవి. వాటి అడుగున అతుకుపడి ఒకటైన పూసలు మరికొన్ని. పూసకూ పూసకూ నడుమ ఒక మెత్తని బిళ్ళ. మెడలోని మొదటి రెండు పూసల నడుమ మాత్రం ఈ బిళ్ళ ఉండదు. మొత్తం మీద 23 బిళ్ళలు. వీటినే డాక్టర్లు డిస్కులంటారు. వెన్ను పొడవులో ఇంచుమించు నాలుగవ వంతు ఈ డిస్కులదే. డిస్కు నడుమ నీటితో నిండిన గుజ్జు ఉంటుంది. యౌవనంలో ఆ గుజ్జులో నూటికి ఎనభై పాళ్ళు నీరే. గుజ్జు చుట్టూ గట్టి నారపొరలు పదిహేను మొదలు పాతిక వరకు వలయాలుగా చుట్టుకొని ఉంటవి. ఒక పొరలోని నారలు ఒకవైపుకు ఏటవాలుగా పోతే, దానిమీది పొరలోనివి ఎదుటివైపుకు పోతవి. నులకమంచం అల్లిక ఎరిగినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. మంచంమీద కూర్చున్నవాని బరువు ఒక్క త్రాటిమీద పడక అల్లిక అంతటా పాకినట్లే, డిస్కు మీది బరువు గుజ్జు ద్వారా చుట్టూ ఉన్న నారలకు పంచబడుతుంది.

ఈ డిస్కుకు ఒక లోపం ఉన్నది. దాని గుజ్జులోనికి రక్తనాళాలు పోవు. దానికి కావలసిన ఆహారమంతా పైనా క్రిందా ఉన్న పూసల నుండి పలుచని పలకల గుండా ఊరుతూ రావలసినదే. పగలంతా బరువు మోసిన డిస్కు కొంత నీరు కోల్పోతుంది. రాత్రి పడుకొన్నప్పుడు మరల పీల్చుకొంటుంది. ఉదయం కొలిచిన మనిషి ఎత్తు సాయంత్రానికి ఒక సెంటీమీటరో, అంతకు కొంచెం ఎక్కువో తగ్గి ఉండడానికి కారణం ఇదే. వయస్సు పెరిగినకొద్దీ ఈ పీల్చుకొనే శక్తి సన్నగిల్లుతుంది. గుజ్జు ఎండుతుంది, నారపొరలు బీటలు వారుతవి, ఒక్కొక్కప్పుడు గుజ్జు ఆ బీటలగుండా వెలికి తోసుకువచ్చి కాలికి పోయే నరాన్ని నొక్కుతుంది. పిరుదు మొదలు పాదం దాకా మంటవలె ప్రాకే నొప్పికి ఇదే ముఖ్యకారణమని 1934లో అమెరికాలోని బోస్టను నగరంలో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు వైద్యులు నిరూపించినారు. అంతకుముందు ఆ నొప్పిని వాతమని, చలియని, నరాల వాపని పలువురు పలు విధాలుగా చెప్పుకొనేవారు.

కూర్చుండి పనిచేయడంవల్ల డిస్కుమీద ఎంత ఒత్తిడి పడుతుందో కూడా కొలిచి చూచినారు. 1960 తరువాతి సంవత్సరాలలో స్వీడను దేశపు వైద్యుడు నాకెమ్సన్ బ్రతికియున్న మనుష్యుల డిస్కులలోనికి సన్నని సూదిని పంపి ఒత్తిడిని కొలిచినాడు. నిలుచున్నప్పటికంటె కూర్చున్నప్పుడు ఒత్తిడి ఎక్కువనీ, ముందుకు వంగితే మరీ ఎక్కువనీ ఆయన కొలతలు చెప్పినవి. 1999లో జర్మనీలోని ఉల్మ్ నగరంలో విల్కే బృందం ఒకే ఒక్క వాలంటీరుపై మరల కొలిచి, వెనుకకు వాలి తీరికగా కూర్చున్నప్పుడు ఒత్తిడి అంతగా ఉండదని చూపినది. ముందుకు వంగి బరువెత్తడం మాత్రం రెండు లెక్కలలోనూ తప్పే. వెనుకకు వాలి తీరికగా కూర్చుండి జర్దోజీ కుట్టే ఉపాయం మాత్రం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు!

ఇప్పుడు సిమెంటు సంగతి. వెన్నులో పోసే సిమెంటు ఇండ్లు కట్టే సిమెంటు కాదు; దానితో దీనికి ఏ చుట్టరికమూ లేదు. ఇది ఆక్రిలిక్ అనే ప్లాస్టిక్కు జాతిది. దీని పూర్తి పేరు పాలీమిథైల్ మెథాక్రిలేట్. ఈ పదార్థపు పలకలను జర్మనీలో ఆటో రోమ్ అనే రసాయనశాస్త్రజ్ఞుని సంస్థ 1933లో ప్లెక్సిగ్లాస్ అనే పేరుతో బజారుకు తెచ్చినది. గాజువలె పారదర్శకం, గాజువలె పగలదు. కనుక రెండవ ప్రపంచయుద్ధంలో విమానాల కిటికీలకు వాడినారు. యుద్ధంలో ఆ కిటికీలు పగిలి తునకలు కొందరు విమానచోదకుల కండ్లలో గ్రుచ్చుకొన్నవి. ఆశ్చర్యమేమనగా, ఆ తునకలు కంటిలో ఏండ్ల తరబడి ఉన్నా కన్ను వాటిని తిరస్కరించలేదు. ఇది గమనించి లండనులో హెరాల్డ్ రిడ్లే అనే నేత్రవైద్యుడు 1949లో శుక్లం తీసిన కంటిలో ఈ పదార్థంతో చేసిన కటకాన్ని అమర్చినాడు. కట్టుడుపళ్ళ చిగుళ్ళు చేసేది కూడా దీనితోనే. అనగా మన ఇండ్లలో తాతగారి గ్లాసులో రాత్రిపూట నానుతూ ఉండే పళ్ళసెట్టూ, ఈ ఎముకల సిమెంటూ దగ్గర బంధువులే.

దీనిని ఎముకల ఆపరేషనులో స్థిరపరచినవాడు ఇంగ్లండులోని జాన్ చార్న్‌లీ. తుంటికీలు అరిగినవారికి లోహపు కీలు అమర్చి, దాని కాడ తొడయెముక లోపల కదలకుండా ఉండడానికి దంతవైద్యుల ఈ పదార్థాన్నే 1958 ప్రాంతంలో వాడినాడు. దీనిని జిగురు అని పొరబడవద్దనీ, ఇది సందులను నింపి బరువును అంతటా పంచే పూత మాత్రమేననీ ఆయన చెప్పినాడు. ఈ చిన్నమాటలో పెద్ద సంగతి ఉన్నది. సిమెంటు ఎముకకు అంటుకోదు. ఎముకలోని రంధ్రాలలో దూరి గట్టిపడి పట్టుకొంటుంది, అంతే.

దీనిని కలిపే విధం కూడా తెలిసికొనదగినది. ఒక పొడి, ఒక ద్రవం ఉంటవి. రెండూ కలుపగానే ఘాటైన వాసనతో ముద్ద అవుతుంది. మొదట పాలవలె జారుగా, తరువాత పిండివలె, పిదప రాయివలె మారడానికి సుమారు పది నిమిషాలు. లాడ్‌బజారు లక్కపనివానికి ఈ తొందర బాగా తెలుసు. వేడిలక్కను సాగదీసి, కడ్డీచేసి, వంచి గాజుగా అతికి, రాళ్ళు పొదగడమంతా లక్క చల్లారేలోపల జరగాలి. అయితే ఒక భేదం ఉన్నది. లక్క చల్లారి గట్టిపడుతుంది. మరల కుంపటిమీద పెడితే మెత్తబడుతుంది. ఎముకల సిమెంటు గట్టిపడుతూ తానే వేడిని పుట్టిస్తుంది. ఒకసారి గట్టిపడిన తరువాత వెనుకకు మరలదు. రాయి వంకరగా పొదిగిన గాజును మరల కాచి సవరించవచ్చును. వెన్నులో తప్పుచోటికి పోయిన సిమెంటును కాచి తీసే కుంపటి లేదు.

మరి దీనిని డిస్కు స్థానంలో పోయాలన్న ఆలోచన క్రొత్తదా? కాదు. 1959లోనే అమెరికాలో హాంబీ, గ్లేజర్ అనే వైద్యులు ఈ పని చేసినారు. పాడైన డిస్కును తీసివేసి, ఆ ఖాళీలో ఆక్రిలిక్ ముద్దను పోసి అక్కడనే గట్టిపడనిచ్చినారు. కొద్దిమంది రోగులపై చేసిన ఆ పని నడుముభాగంలో వ్యాప్తికి రాలేదు. మెడవిషయం వేరు. జర్మనీలో 1960లనాటి నుండి మెడలోని డిస్కు తీసినచోట ఈ సిమెంటునే పూసల నడుమ నిలిపే పద్ధతి చాలాకాలం విరివిగా నడచినది. మెడ మోసేది తల బరువు మాత్రమే. నడుము మోసేది మనిషినీ, ఆ మనిషి వీపున ఉన్న బస్తానూ.

అదే దశాబ్దంలో స్వీడనులో ఫెర్న్‌స్ట్రామ్ అనే వైద్యుడు మరొక ఉపాయం పన్నినాడు. డిస్కు తీసిన ఖాళీలో ఒక ఉక్కుగుండును ఉంచినాడు. గుండు కనుక పూసలు దానిమీద అటూ ఇటూ ఒరగవచ్చును, ఎత్తు తగ్గదు, కదలిక పోదు. కాగితంమీద ఎంతో ముచ్చటైన ఆలోచన. కాని ఉక్కుగుండు పూసను తాకేది ఒక్క బిందువువద్ద. పూస పైపెచ్చు సుమారు ఒక మిల్లీమీటరు మందం. దాని లోపల ఉన్నది తేనెపట్టువంటి గుల్లయెముక. సంవత్సరాలు గడిచినకొద్దీ చాలామందిలో గుండు పూసలోనికి దిగబడిపోయినది. గుండు చెక్కుచెదరలేదు, పూసయే ఓడిపోయినది.

పాతనగరంలో ఈ సత్యానికి నాలుగు వందల ఏండ్ల సాక్ష్యం నిలిచి ఉన్నది. 1591లో కట్టిన చార్మినారు రాతికీ సున్నానికీ పుట్టిన కట్టడం. దాని మీనార్ల మీది నగిషీ అంతా గచ్చుపని. 2019 మే నెలలో ఒక మీనారు నుండి గచ్చుపెళ్ళ ఊడిపడినప్పుడు, సిమెంటుతో ఒక్కపూటలో పూసివేయరాదా అని అడిగినవారు లేకపోలేదు. పురాతన కట్టడాలను కాపాడేవారు అట్లా చేయరు. పాతగోడ సున్నం మెత్తనిది, గాలిని పీలుస్తుంది, చెమ్మను వదలుతుంది, ఎండకు వానకు కొద్దిగా కదలుతుంది. దానిప్రక్కన గట్టి సిమెంటు పూస్తే ఆ పూత బాగానే ఉంటుంది, ప్రక్కనున్న పాతరాయీ పాతసున్నమూ చిట్లిపోతవి. అందుచేత వారు సున్నాన్ని నానబెట్టి, నూరి, పాతదాని గుణానికి సరిపోయే క్రొత్తగచ్చునే పెడతారు. ఖర్చు ఎక్కువ, కాలం ఎక్కువ. అయినా మరమ్మతు అనేది ప్రక్కవాని బలాన్ని చూచి చేయవలసిన పనియని వారికి తెలుసు.

వెన్నులోనూ ఇదే లెక్క. బిరుసుదనాన్ని కొలిచే గిగాపాస్కలు అనే కొలతలో ఎముకల సిమెంటు రెండు మూడు ఉంటుంది. పూస లోపలి గుల్లయెముక దానిలో పదవవంతు ప్రాంతం. ముసలితనంలో, ముఖ్యంగా ముట్లుడిగిన స్త్రీలలో, అంతకంటె తక్కువ. అసలు డిస్కు అయితే సిమెంటుకంటె వందల రెట్లు మెత్తన. కనుక డిస్కు ఖాళీని సిమెంటుతో నింపడమంటే, పరుపు తీసివేసి ఆ చోట బండ నుంచడం. బండ బరువు మోస్తుంది, ఆ మాట నిజమే. కాని అది మోసే తీరు వేరు. మోయబడే పూసలు ఆ బండకు తట్టుకోగలవా అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు వైద్యలోకం రెండు దారులలో సమాధానం వెదికినది. మొదటిది కదలికను నిలిపే కృత్రిమ డిస్కు. తూర్పు బెర్లినులోని షారిటే ఆసుపత్రిలో కుర్ట్ షెల్‌నాక్, కారిన్ బ్యూట్‌నర్ యాంజ్ అనే ఇద్దరు 1980 తరువాతి సంవత్సరాలలో దీనిని రూపొందించినారు. రెండు లోహపుపలకలు, వాటి నడుమ జారే ప్లాస్టిక్కు బిళ్ళ. 1984లో మొదటిసారి రోగికి అమర్చినారు. ఈ కారిన్ యాంజ్ అంతకుముందు 1972 మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలలో జిమ్నాస్టిక్సులో రెండు స్వర్ణపతకాలు గెలిచిన క్రీడాకారిణి. వెన్ను వంచడమంటే ఏమిటో ఆమెకు పుస్తకాలలో చదువవలసిన అవసరం లేకపోయినది! అమెరికా ప్రభుత్వం ఈ డిస్కుకు 2004లో అనుమతి నిచ్చినది. అయితే దీనిని అమర్చడానికి కడుపువైపు నుండి పెద్ద ఆపరేషను కావాలి, పూసలు గట్టిగా ఉండాలి. ఎముకలు గుల్లబారిన వృద్ధులకు ఇది పనికిరాదు.

రెండవ దారియే నేటి మా విషయానికి మూలం. బోలుగా ఉన్న ఒక తొడుగునో, మడిచిన సంచినో చిన్నగాటు ద్వారా డిస్కుస్థానంలోనికి పంపుతారు. లోపల చేరిన తరువాత సన్నని గొట్టంద్వారా సిమెంటును ఎక్కిస్తారు. తొడుగు ఉబ్బి, పైనున్న పూస అడుగుభాగపు వంపునూ, క్రింది పూస పైభాగపు వంపునూ అనుసరించి, ఖాళీకి తగిన ఆకారం దాల్చి గట్టిపడుతుంది. దీనిలోని తెలివి సిమెంటులో లేదు, ఆకారంలో ఉన్నది. ఫెర్న్‌స్ట్రామ్ గుండు ఒక్క బిందువువద్ద పూసను తాకితే, ఇది అరచేతిలో అరచేయి మోపినట్లు అంతటా తాకుతుంది. బరువు పంచబడుతుంది, దిగబడే భయం తగ్గుతుంది. రెండవ లాభం, తొడుగు ఉన్నందున ముద్ద నరాలవైపు కారిపోదు. మూడవది, పెద్దవస్తువును చిన్నదారిలో పంపవచ్చును. సీసాలో ఓడను కట్టే నేర్పువంటిది ఇది.

ఇట్టి నమూనాలకు ఐరోపా, అమెరికాలలో పేటెంట్లు చాలా ఉన్నవి. వాటిలో రోగి వెన్నుదాకా నడిచివచ్చినవి కొద్దియే. సిమెంటుకు బదులు రబ్బరువలె సాగే పాలీయురిథేను అనే పదార్థాన్ని డిస్కులోని బెలూనులోనికి ఎక్కించే పద్ధతి ఒకటి ఈ శతాబ్దపు మొదటి దశకంలో ఐరోపాలో రోగులపై పరీక్షకు వచ్చినది, కాని వాడుకలో నిలువలేదు. అల్లిక సంచిని పంపి దానిని ఎముకపొడితో నింపి, పూసలు రెండూ ఒకటిగా అతుక్కొనేటట్లు చేసే పద్ధతికి మాత్రం అమెరికాలో 2020లో అనుమతి లభించినది. ఎముకపొడి సిమెంటు కాదు. కాలక్రమాన రోగి సొంతయెముకగా మారుతుంది. ఈ భేదం ముఖ్యమైనది. సిమెంటు ఎన్నటికీ ఎముక కాదు.

తొడుగు లేకుండానే నేరుగా సిమెంటు ఎక్కించే పద్ధతి ఒకటి హంగెరీ దేశంలో పుట్టినది. అక్కడి బుడాపెస్టు వైద్యుడు పీటర్ వర్గా, ఆయన సహచరులు 2015లో తమ అనుభవాలను ప్రకటించినారు. మిక్కిలి ముదిసిన కొందరి డిస్కులలో గుజ్జు పూర్తిగా పోయి, ఆ ఖాళీలో గాలి చేరుతుంది. ఎక్సురేలో నల్లని చారగా కనుపిస్తుంది. నిలుచున్నప్పుడు పూసలు ఒకదానిమీద ఒకటి కుంగి నరం నలుగుతుంది. పడుకొంటే ఖాళీ తెరచుకొని నొప్పి తగ్గుతుంది. ఇట్టి వృద్ధులను బోర్లా పడుకోబెట్టి, ఖాళీ తెరచుకొన్నప్పుడు సూదిద్వారా సిమెంటు నింపితే అది తెరచినది తెరచినట్లే నిలుస్తుంది. పెద్ద ఆపరేషనుకు గుండె, ఊపిరితిత్తులు తట్టుకోని ముసలివారి కొరకు పన్నిన ఉపాయం ఇది. నలుబది ఏండ్ల జర్దోజీ పనివాని కొరకు పన్నినది కాదు. ఈ మాట మేము నొక్కి చెప్పదలచినాము. ఎందువలననగా, ఊరిలో మాట ప్రాకేటప్పుడు ఎవరికి అన్నది జారిపోయి, ఏమి చేసినారన్నది మాత్రమే మిగులుతుంది.

నడుమునొప్పి వారు వినే సిమెంటుమాట చాలావరకు డిస్కును గురించినది కూడా కాదు. అది విరిగిన పూసలోనికి సిమెంటు ఎక్కించే చికిత్స. ఫ్రాన్సులోని ఆమియాఁ నగరంలో గలిబేర్, దెరామోఁ అనే వైద్యులు 1984లో మెడపూసలో రక్తనాళాల గడ్డ ఉన్న ఒక స్త్రీకి దీనిని మొదట చేసినారు. తరువాత ఎముకలు గుల్లబారి, దగ్గినా తుమ్మినా పూస నలిగిపోయే వృద్ధులకు ఇది ప్రపంచమంతటా వ్యాపించినది. సూది గ్రుచ్చిన సాయంత్రమే లేచి నడచినవారి కథలు ఎన్నో వినవచ్చినవి.

ఆ కథలు అబద్ధాలు కావు. అయినా 2009లో ఆస్ట్రేలియా వైద్యుల నాయకత్వంలో ఒకటి, అమెరికా వైద్యుల నాయకత్వంలో ఒకటి ప్రచురితమైన రెండు పరీక్షలు అందరినీ ఆలోచింపజేసినవి. రోగులను చీటీలు వేసినట్లు రెండు జట్లుగా విభజించినారు. మొదటిదానిలో 78 మంది, రెండవదానిలో 131 మంది. ఒక జట్టుకు నిజముగా సిమెంటు ఎక్కించినారు. రెండవ జట్టుకు మత్తుమందు ఇచ్చి, చికిత్స చేసినట్లే నటించి, గదిలో సిమెంటు వాసన కూడా వచ్చేటట్లు చేసినారు. సిమెంటు మాత్రం ఎక్కించలేదు. ఎవరికి ఏది జరిగినదో రోగులకు తెలియదు. నెల తరువాత చూస్తే రెండు జట్లలోనూ నొప్పి ఇంచుమించు సమంగానే తగ్గినది! 2016లో ఆస్ట్రేలియాలోనే, పూస విరిగి ఆరువారాలు దాటని 120 మందిపై జరిగిన మరొక పరీక్షలో సిమెంటు జట్టుకు మేలు కనుపించినది. 2018లో డచ్చి దేశంలో 180 మందిపై చేసినప్పుడు మరల భేదం కనుపించలేదు. వాదం ఇంకా తేలలేదు. మా మట్టుకు మాకు తోచేది, ఈ చికిత్సను ఎవరికో కొందరికి, విరిగిన తొలివారాలలో, భరింపరాని నొప్పి ఉన్నప్పుడు ఆలోచించవచ్చునే కాని, నడుమునొప్పి అన్నవారందరికీ వర్తించేది కాదని.

వైద్యాన్ని పరీక్షకు పెట్టడం హైదరాబాదుకు క్రొత్త కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాను కాలంలో, 1888లోనూ 1889లోనూ, మత్తునిచ్చే క్లోరోఫారం ప్రమాదకరమా అని తేల్చడానికి ఇక్కడ రెండు సంఘాలు కూర్చున్నవి. ఇక్కడి వైద్యవిద్యాలయాన్ని నడిపిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ వాటికి నాయకుడు. రెండవ సంఘానికి లండను నుండి లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడు నిజాం ఖర్చుమీద వచ్చినాడు. వందలాది జంతువులపై ప్రయోగాలు చేసి, క్లోరోఫారం ముందు శ్వాసను ఆపుతుందే గాని నేరుగా గుండెను ఆపదని తీర్పు చెప్పినారు. లండను పత్రిక లాన్సెట్టు ఆ సంగతులను ప్రచురించినది. కాని 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు, కొద్దిమోతాదు మత్తులో ఉన్నప్పుడు క్లోరోఫారం గుండె లయను చెరిపి హఠాత్తుగా ప్రాణం తీయగలదని చూపినాడు. హైదరాబాదు ప్రయోగాలలో శ్రద్ధకు లోటు లేదు. ఎక్కువ మోతాదు నిచ్చి చూచినారు. ప్రమాదం తక్కువ మోతాదులో దాగి ఉన్నది. సిమెంటు విషయంలోనూ నెలనాటి నొప్పిని అడిగితే ఒక జవాబు, అయిదేండ్ల తరువాతి ప్రక్కపూసను అడిగితే ఇంకొక జవాబు రావచ్చును.

సిమెంటుకు సొంత ప్రమాదాలు కూడా ఉన్నవి. జారుగా ఉన్నప్పుడు సిరలలోనికి పోయి ఊపిరితిత్తులకు చేరవచ్చును. వెన్నుపాము ఉన్న కాలువలోనికి కారితే కాళ్ళు చచ్చుబడవచ్చును. తుంటి ఆపరేషనులలో సిమెంటు పెట్టిన నిమిషాలలో రక్తపుపోటు పడిపోవడం మత్తువైద్యులు ఎరిగినదే. ఎక్సురే తెరమీద చూస్తూ చేయడానికి వీలుగా సిమెంటులో బేరియం కలుపుతారు; చేయి తిరిగిన వైద్యుడు ఆ నల్లనిచార ఎటు పోతున్నదో చూచి అక్కడనే ఆపుతాడు. ఈ ప్రమాదాలు తరచు రావు. కాని వస్తే సామాన్యమైనవి కావు.

ఇన్ని చెప్పిన తరువాత నడుమునొప్పి మనిషి ఏమి చేయాలని శ్రోతలు అడుగవచ్చును. డిస్కు జారి కాలికి నొప్పి పాకినవారిలో అధికసంఖ్యాకులు కొన్ని వారాలలో, కొన్ని నెలలలో ఆపరేషను లేకుండానే కోలుకొంటారు. జారిన గుజ్జు చాలామందిలో తానే కరిగి కుంచించుకుపోతుంది. పూర్తిగా మంచం పట్టడం మేలు చేయదు. వీలైనంత నడవడమే మంచిది. జర్దోజీ పనివారు గంటకొకసారి లేచి నాలుగడుగులు వేస్తే డిస్కు నీరు పీల్చుకొనే అవకాశం దొరుకుతుంది. చదరపు గజానికి ఇంతయని కూలి లెక్కపెట్టేచోట ఆ నాలుగడుగులు కూడా ఖరీదైనవేనని మేము ఎరుగనిది కాదు. అయితే కాలు చచ్చుబడడం, మూత్రం బిగియడం లేదా తెలియకుండా పోవడం, తొడల నడుమ తిమ్మిరి, వీటిలో ఏది కనుపించినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. అప్పుడు గంటలు లెక్కలోనివి.

ఎక్కడికి పోవాలన్నదానికి పాతనగరవాసులకు మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి ఉండనే ఉన్నది. 1908 వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయిన తరువాత విన్సెంట్ ఎష్ రచించిన ఆ గుమ్మటాల భవనం 2020 జూలైలో వాననీరు చొచ్చి ఖాళీ అయినది. క్రొత్త భవనానికి 2025 జనవరిలో గోషామహలులో శంకుస్థాపన జరిగినది. పంజగుట్టలో నిజాం ధర్మనిధితో 1960లలో ఎముకల ఆసుపత్రిగా వెలసి, తరువాత నిమ్స్‌గా పెరిగిన సంస్థ మరొకటి. సిమెంటుమాట ఎత్తిన వైద్యుని రోగి అడుగవలసినవి కొన్ని ఉన్నవి. సిమెంటు పోసేది విరిగిన పూసలోనా, డిస్కు ఖాళీలోనా? నా ఎముకలు ఎంత గుల్లబారినవి, కొలిచి చూచినారా? ఈ సిమెంటు పెట్టిన తరువాత పైపూస, క్రిందిపూస సంగతి ఏమి? ఏమీ పెట్టకుండా ఆరువారాలు ఆగితే ఏమవుతుంది? అడిగినందుకు విసుగుకొనే వైద్యులు లేకపోలేదు. విసుగుకొన్నా అడుగవలసిందే.

ఆపరేషను చేయించుకొన్నవారు మరొక పని మరువరాదు. శరీరంలో అమర్చే ప్రతి వస్తువు పెట్టెమీద దాని పేరు, పరిమాణం, తయారీ వరుససంఖ్య ముద్రించిన చిన్నచీటీలు ఉంటవి. మన దేశంలో 2015 నుండి వైద్యపరికరాల వలన కలిగిన హానిని నమోదు చేసే ప్రభుత్వ ఏర్పాటు ఒకటి నడుస్తున్నది. 2018 జనవరి నుండి పరికరాలకు వేరుగా నియమావళి కూడా అమలులోనికి వచ్చినది. పదియేండ్ల తరువాత నొప్పి మరల వస్తే, అప్పటికి ఆ వైద్యుడు అక్కడ ఉండకపోవచ్చును, ఆ కాగితాల గది ఉండకపోవచ్చును. ఆ చిన్నచీటీ ఒకటి ఎక్సురే వెనుక అంటించి ఇమ్మని అడిగి తీసికొని, ఇంట్లో రేషనుకార్డు దాచే పెట్టెలోనే దానినీ దాచుకోవాలి.